చిలకపచ్చ కోకలు

మా పెద్దమ్మకు దానం చెయ్యడమంటే ప్రాణం. ఎవరికేం కావాలో అడగడమంటే మాత్రం చిరాకు. మొన్న దీపావళికి, పోదనూరులో మిల్లు మూతపడి పని పోయిన అయిదారు కుటుంబాలకు పంచాలని చిలకపచ్చ చీరలు మూటగా కొనేసింది. ఆ మూట మోయడానికి నన్ను వెంటబెట్టుకెళ్లింది.

మొదటి ఇంట్లో ఉన్నావిడ ఆండిపట్టి నుంచి వచ్చిన మన తెలుగావిడే. తనకిచ్చిన చీర విప్పి చూసి, మూటలోకి తొంగి చూసింది.

"అన్నీ ఇదే కలరా అక్కా?"

"అవును, అందరికీ ఒకే మాదిరి. పోట్లాట ఉండదు" అంది పెద్దమ్మ గర్వంగా.

"వీధిలో ఆడోళ్లమంతా ఇదే కోక కట్టుకుంటే, మా ఇంటాయన ఎవరెనక పోతాండాడో ఆయనకే తెలీదు. అసలే కండ్లు సరిగా లేవు."

నాకు నవ్వు ఆగలేదు. పెద్దమ్మ మొహం మాడిపోయింది.

"ఊరికే ఇస్తాంటే ఇన్ని మాటలా?"

"పని పోయిండాది గాని, నచ్చేది నచ్చనిది పోలేదు గదక్కా" అంది ఆవిడ.

పెద్దమ్మ కాసేపు ఉడుక్కుంది. ఆ తర్వాత మిగతా ఇళ్ల ఆడవాళ్లనూ పిలిపించి, ఒక వ్యాన్ మాట్లాడి, "సరి, అందరూ వ్యాన్ ఎక్కండి" అని ఆడవాళ్లందరినీ కొట్టుకు తీసుకెళ్లింది. మూట వాపసిచ్చి, ఎవరికి నచ్చింది వాళ్లను ఏరుకోమంది. మధ్యాహ్నమైనా ఒక్కరూ తేల్చలేదు. చీరలు విప్పి చూపించే అతనికి చెమటలు పట్టాయి. ఇంతలో ఆ ఆండిపట్టి ఆవిడ వంగపండు రంగు చీరొకటి పెద్దమ్మ భుజాన వేసి, తల వాల్చి చూసింది.

"ఇది తీసుకో అక్కా, లావు కనపడవు."

పెద్దమ్మ అద్దంలో ఒకసారి చూసుకుని కొనుక్కుంది.