కనకవ్వ లోపల ఏ వంకర లేదు

నేను చెప్పిన ఒక అబద్ధాన్ని ఇంకో మనిషి ఇన్నేండ్లు తన ఒంట్లో మోసింది. నేనూ మోసిన. కాని నేను మోసింది భయం, ఆమె మోసింది నింద. రెండూ ఒకటే బరువని చానా కాలం నన్ను నేను నమ్మించుకున్న. కాదు. ఒకటి కాదు.

నా పేరు రాయను. సిద్దిపేటల సర్జన్‌ను. నా చేత ఆపరేషన్ చేయించుకున్నోళ్లు ఇది చదివితే గుర్తుపట్టొచ్చు. పట్టనీ. మీరెవరో నాకు తెలవదు. అందుకేనేమో మీతోని చెప్పాలంటే నోరు వస్తున్నది.

తొంభైల నడిమి ముచ్చట. పొట్ట కొయ్యకుంట, చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, లోపలికి కెమెరా పంపి, టీవీ తెర మీద చూసుకుంట ఆపరేషన్ చేసుడు అప్పుడప్పుడే మన దిక్కు వస్తున్నది. ఎమ్మెస్ అయినంక నేను హైదరాబాద్‌ల ఒక పెద్ద సర్జన్ దగ్గర ఆ శిక్షణకు చేరిన. ఫెలోషిప్ అనేటోళ్లు. మా జట్టుల ఆడమనిషిని నేనొక్కదాన్నే.

మొదట్ల నా పనంతా కెమెరా పట్టుకునుడే. సార్ చెయ్యి ఎటు పోతే నా కెమెరా అటు పోవాలె. నా చెయ్యి వణికితే తెర మొత్తం వణుకుతది, థియేటర్‌ల అందరికీ తెలుస్తది. బొమ్మ కొంచెం వంకర పోయినా సార్ తిట్టేటోడు కాదు, పని ఆపి నిలబడేటోడు. ఆ నిలబడుడే నాకు తిట్టు. అయినా ఎంత ఇష్టంగ పోయేదాన్నో! మొట్టమొదటిసారి తెర మీద కాలేయాన్ని, దాని అడుగున అంటుకొని ఉన్న పిత్తసంచిని అంత దగ్గర చూసినప్పుడు కెమెరా పక్కకు తిప్పబుద్ధి కాలే. పొట్ట కోసినప్పుడు గూడ అంత మంచిగ ఎప్పుడూ కనబడలే.

సెలవు దొరికితే సిద్దిపేటకు వచ్చి ఇంట్ల సాధన చేసేదాన్ని. బాపుది స్టీలు సామాన్ల దుకాణం. అక్కడి అట్టపెట్టెకు రంధ్రాలు చేసి, లోపల బల్బు పెట్టి, పొడుగు పనిముట్లతోని ద్రాక్షపండ్ల తోలు తీసేదాన్ని. కోడి తోలుకు కుట్లేసేదాన్ని. అమ్మ ఆ పెట్టె దిక్కు గూడ చూడకపోయేది. బాపు మాత్రం వచ్చిన గిరాకీలందరికీ చెప్పుకునేటోడు, మా బిడ్డ పొట్ట కొయ్యకుంటనే రాళ్లు తీస్తదని.

పిత్తసంచి తీసేటప్పుడు సార్ ఒక్క మాట మళ్ల మళ్ల చెప్పేటోడు. ఏ గొట్టం ఏదో కంటికి తేటగ కనబడేదాకా కత్తెర పెట్టొద్దు. కనబడకపోతే పొట్ట తెరువు. తెరుచుడు ఓడిపోవుడు కాదు. నేను తలూపేదాన్ని. ఆ మాట నా చెవులకు ఎక్కింది. మనసుకు ఎక్కిందా? లేదని తర్వాత తెలిసింది.

శిక్షణ అయిపోయేనాటికి సార్ పక్కన ఉండంగ ఆపరేషన్‌ల కొన్ని భాగాలు చేసిన. మొదటి నుంచి చివరిదాకా ఒక్కదాన్నే చేసింది ఒక్కటి గూడ లేదు. అట్ల ఉండంగనే సిద్దిపేటల ఒక నర్సింగ్ హోం వాళ్లు ఆ కెమెరా మిషన్ తెప్పిచ్చి నన్ను పిలిచిన్రు. సొంతూరు. కొత్త మిషన్. బాపు ముఖంల సంతోషం. ఇంకొన్ని నెలలు నేర్చుకొని వస్తా అనే మాట నా నోట్ల నుంచి రాలే.

మొదటి పేషెంట్ కనకవ్వ. నంగునూరు నుంచి వచ్చింది. భర్త ఎల్లయ్య, ఇద్దరూ కలిసి కొద్దిపాటి పొలం చేసుకునేటోళ్లు. చిన్న బిడ్డ పద్మ ఎప్పుడూ తల్లి కొంగు పట్టుకొని ఉండేది. పిత్తసంచిల రాళ్లు, ఆ కడుపునొప్పితోని కనకవ్వ అన్నం తినుడే మానేసింది. పొట్ట కోస్తే చానా దినాలు పండుకోవాలె, నాట్లు పడ్డయ్ అని ఆమె భయం. "గిసొంటియి చేసినవా డాక్టరమ్మా?" అని అడిగింది. "మస్తు చేసిన" అన్న.

అది మొదటి అబద్ధం. నవ్వుకుంట చెప్పిన.

ఆపరేషన్ రోజు పిత్తసంచి వాచి, చుట్టూత అంతా అతుక్కొని ఉంది. కొంచెం నెత్తురు కారింది. తెర ఎర్రబడ్డది. కడిగి చూసిన, మళ్ల ఎర్రబడ్డది. ఒక గొట్టం కనబడుతున్నది. సంచి నుంచి వచ్చేదా, లేకుంటే కాలేయం నుంచి పేగుకు పసరు తీసుకపోయే పెద్ద గొట్టమా? నాకు తేటగ తెలవలే. తెలవలేదన్న సంగతి మాత్రం తేటగనే తెలిసింది. మత్తు డాక్టర్ "తెరుద్దామా మేడమ్?" అని మెల్లగ అడిగిండు. వద్దన్న.

ఎందుకన్న? ఆ క్షణాన్ని ఎన్నిసార్లు తిరగేసిననో! తెరిస్తే, ఆడమనిషి, చేతగాలే అంటరనుకున్న. బాపు దుకాణంల కూసున్నోళ్ల ముఖాలు గుర్తుకొచ్చినయ్. ఒక మనిషి నా ముందట మత్తుల పండుకొని ఉంటే నేను దుకాణంల ముఖాలను చూస్తున్న. క్లిప్పులు వేసి కత్తిరించిన. అయిపోయినంక నర్సులు చప్పట్లు కొట్టిన్రు.

కనకవ్వ ఇంటికి పోయి కొన్ని దినాలకే తిరిగి వచ్చింది. కండ్లు పచ్చగున్నయ్. చూడంగనే నాకు అర్థమైంది. నేను కోసింది పెద్ద గొట్టాన్ని.

ఎల్లయ్య నన్ను వరండల ఆపిండు.

"ఏమైంది డాక్టరమ్మా? రాళ్లు తీసినంక గీ పసిరికలు ఏంది? ఏమన్న తప్పు జరిగిందా?"

ఆయన గొంతుల కోపం లేదు. నిజంగనే అడుగుతుండు. అవును అంటే సరిపోయేది.

"తప్పేం లేదు ఎల్లయ్యా. మీ ఆమెకు లోపల పుట్టుకతోనే వంకర ఉంది. గొట్టాలు అందరి లెక్క లెవ్వు. అందుకే గిట్లయింది. హైదరాబాద్ తీసుకపోదాం, మా సార్ సక్కగ చేస్తడు."

"పుట్టుకతోనేనా?"

"పుట్టుకతోనే."

ఎల్లయ్య నాకు దండం పెట్టిండు. "మీరు గుర్తుపట్టిన్రు గావట్టి సరిపోయింది" అన్నడు.

సార్ పొట్ట తెరిచి, పేగును పైకి తెచ్చి కాలేయం దగ్గరి గొట్టానికి కలిపి కుట్టిండు. పెద్ద ఆపరేషన్. కనకవ్వ బతికింది. తర్వాత సార్ నన్ను పిలిచి, "లోపల అంతా మామూలుగనే ఉండె" అన్నడు. అంతే. ఇంటోళ్లకు ఏం చెప్పినవని అడగలే. అడిగితే నిజం చెప్పేదాన్నా? ఏమో. "మళ్ల రా. మొదటి నుంచి నేర్చుకో" అన్నడు. పోయిన. నాకన్న చిన్నోళ్ల పక్కన నిలబడి మళ్ల కెమెరా పట్టుకున్న. ఈసారి చూసుడు నేర్చుకున్న. తెలవకపోతే తెలవదనుడు నేర్చుకున్న. థియేటర్‌ల మాత్రమే. బయట కాదు.

తర్వాత నా చేతికి మంచి పేరొచ్చింది. కొత్త సర్జన్లు నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చిన్రు. వాళ్లకు కనకవ్వ సంగతి గూడ చెప్పేదాన్ని, పుట్టుకతోనే గొట్టాలు వేరే తీరుగ ఉన్న పేషెంట్ అని. చూసిన్రా? అబద్ధాన్ని దాచిపెట్టుడే కాదు, దాన్ని పాఠం చేసిన.

కనకవ్వకు కొన్నేండ్లు చలిజ్వరాలు వచ్చిపోయినయ్. మెల్లగ కోలుకుంది. ఎప్పుడన్న సిద్దిపేటకు వస్తే నన్ను చూసి పోయేది, మక్క కంకులు తెచ్చేది. తీసుకునేదాన్ని.

ఈ మధ్య పద్మ వచ్చింది. ఇప్పుడు ఆమెకూ పిల్లలున్నరు. అదే నొప్పి, అవే రాళ్లు. నొప్పి మొదలై చానా కాలమైందట, ఓర్చుకుంటున్నదట. ఆపరేషన్ ఎందుకు చేయించుకోలే అంటే, తల వంచుకొని చెప్పింది. "మా అవ్వకున్న వంకరే నాకూ ఉంటది గద మేడమ్. మా అత్తగారింట్ల గూడ గదే అంటరు. నా బిడ్డకు గూడ ఉంటదేమో."

రేపు మీ అవ్వింట్ల ఉండు, నేనే వస్త అని చెప్పి ఆమెను పంపిన.

తెల్లారి నంగునూరు పోయిన. ఎల్లయ్య చనిపోయి కొన్నేండ్లయింది. ఆయనకు చెప్పే దారి లేదు, అది నాతోనే ఉంటది. కనకవ్వ, పద్మ ఇద్దరూ ఇంట్లనే ఉన్నరు. నిలబడే చెప్పిన. మస్తు చేసిన అన్నది అబద్ధం. వంకర అన్నది అబద్ధం. కనబడకున్నా కోసిన. తప్పు నా చెయ్యిది.

కనకవ్వ తిడుతదనుకున్న. ఏడుస్తదనుకున్న.

"గట్లైతే నా ఒళ్లు మంచిగనే ఉండెనా?" అన్నది.

"మంచిగనే ఉండె కనకవ్వా."

ఆమె తన కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. నా దిక్కు చూడలే. బిడ్డ దిక్కు తిరిగి, "పద్మా, ఆపరేషన్ చేపిచ్చుకో. గీమె తోని గాదు" అని లోపలికి పోయింది.

పద్మ వేరే దవాఖానల చేయించుకుంది. బాగున్నదని తెలిసింది. నేను పోలే. పోయే హక్కు నాకు లేదు.

క్షమాపణ అడిగినవా అని మీరు అడగొచ్చు. అడగలే. అడిగితే, ఇచ్చే పని మళ్ల ఆమె మీదనే పడ్డట్టు. కాని ఆ ఇంట్ల నుంచి బయటికి వచ్చేటప్పుడు, చానా ఏండ్లకు, నేను చెప్పిన మాటా జరిగిన సంగతీ ఒక్కటైనయ్. దాని హాయి ఎంతుంటదో నాకు తెలవకపోయేది.

నిన్న నా దగ్గర నేర్చుకుంటున్న పిల్లలను కూసోబెట్టి మొత్తం మొదటి నుంచి చెప్పిన. గొట్టాలు అందరి లెక్కనే ఉండె, నేనే చూడలే అన్న. వాళ్లల్ల ఒక అమ్మాయి అడిగింది.

"ఆమె బతికిందా మేడమ్?"

"బతికింది. నంగునూరుల ఉంటది. నాతోని మాట్లాడది."