బెల్టు షాపు ముందు మా పెద్దమ్మ కుర్చీ

మొన్న మా కాలనీ సంఘం వాళ్ళు వీధి మొగదల కెమెరా బిగిస్తున్నారు. నిచ్చెన మీదున్న మనిషి నన్ను చూసి, "మేడం, ఎటు దిక్కు తిప్పమంటరు?" అని అడిగాడు. కూరగాయల సంచి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి నవ్వాను. నా నవ్వుకు అతను ఏమనుకున్నాడో ఏమో, తనకు తోచిన దిక్కుకు తిప్పి దిగిపోయాడు. ఈ సంగతే మా పెద్దమ్మ కొన్నేళ్ళ కిందట నిండు సభలో ఎస్సైని అడిగింది. ఆ రోజు అందరూ నవ్వారు. ఆ నవ్వు మీద నాకు ఇంకా కోపం పోలేదు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. మర్రిగూడ దిక్కున, పత్తిచేల మధ్య ఉన్న ఒక చిన్న మండల కేంద్రం వాళ్ళది. ఊరి పేరు చెప్పను, చెబితే అక్కడివాళ్ళు నన్ను మళ్ళీ పెళ్ళిళ్ళకు పిలవరు. ఆ నేలలోని ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన చాలామందిలాగే ఆమెకూ మోకాళ్ళు వంగవు. ఇంటింటికీ నల్లా నీళ్ళు వచ్చేసరికే కింద కూర్చోవడం చేతకాకుండా పోయింది. అందుకని పెళ్ళికి వెళ్ళినా, చావుకు వెళ్ళినా ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వెంట ఉండాల్సిందే. మోసే బాధ్యత పక్కన ఎవరుంటే వాళ్ళది, నేను ఎమ్మే చదివి బడిలో పాఠాలు చెబుతున్నానని ఆమె ఎప్పుడూ మినహాయింపు ఇవ్వలేదు. ఆమె భర్త, మా పెద్దబాపు, తాగి తాగి, కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి నల్లగొండ దవాఖానలో పోయాడు. ఆయన తాగింది వాళ్ళ వీధి చివరి కిరాణా కొట్లోనే. లైసెన్సు లేకుండా ఉప్పు, పప్పుల వెనక మందు సీసాలు పెట్టి అమ్మే అలాంటి కొట్లను మా దిక్కున బెల్టు షాపులంటారు. ఆయన పోయిన ఏడాది తిరగకముందే తమ్ముడు, అంటే పెద్దమ్మ ఒక్కగానొక్క కొడుకు, సాయంత్రమయ్యేసరికి తన ఆటోను ఆ కొట్టు ముందే ఆపడం మొదలుపెట్టాడు. పెద్దమ్మకు మిగిలింది వాడొక్కడే.

అప్పటికి తెలంగాణ వచ్చి కొన్నేళ్ళయింది. పోలీసులు మారారని అందరూ అనేవాళ్ళు. నిజమే, కొత్త బండ్లు వచ్చాయి, ఠాణాకు కొత్త రంగు వేశారు, ఫిర్యాదుకు వెళ్ళినవాళ్ళకు మంచినీళ్ళు ఇస్తున్నారు. ఎస్సై గారు వీధి వీధికీ వచ్చి నమస్కారం పెట్టి, చందాలు పోగు చేయించి, చౌరస్తాలో కెమెరా పెట్టించాడు. దాన్ని ప్రారంభించడానికి షామియానా వేసి సభ పెట్టారు. కెమెరా చూపు మా పెద్దమ్మ వాళ్ళ ఇళ్ళ వరస మీద ఉంది. కొట్టు దానికి వీపు వెనక ఉంది. పెద్దమ్మ తన కుర్చీలోంచి లేచి నిలబడి అడిగింది.

"సారూ, గీ కెమెరా గా దుకాణం దిక్కు ఎందుకు సూడది?"

"అవ్వా, ఇది దొంగల కోసం," అన్నాడు ఎస్సై.

"మా ఇండ్లల్ల దొంగలున్నరా మరి? మా ఇంటాయన పోయింది గా దుకాణంలకెల్లి గద."

సభ అంతా నవ్వింది. ఎస్సై కూడా నవ్వి, మైకు సర్పంచికి ఇచ్చాడు. అతను చెడ్డవాడని నేను అనను, పైనుంచి ఎవరు ఫోను చేస్తారో, కిందినుంచి ఎవరు దండం పెడతారో నాకు తెలియదు. కానీ చందా ఇచ్చిన మనిషి అడిగిన మాటకు జవాబు ఇవ్వని మంచితనం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మరునాటి సాయంత్రం పెద్దమ్మ తన కుర్చీని కొట్టుకు ఎదురుగా వేయించింది. అది చింతపండు కొట్టే కాలం. వీధిలో ఆడవాళ్ళు సాయంత్రాలు అరుగుల మీద చేరి, ఎండిన చింతకాయల పెంకు ఒలిచి, చిన్న సుత్తెలతో గింజలు కొడతారు. ఆ రోజు నుంచి అందరూ తమ గోనెసంచులు తెచ్చుకుని పెద్దమ్మ చుట్టూ చేరారు. వేసవి సెలవులకు వెళ్ళిన నేనూ చేరాను. వీధంతా పులుపు వాసన, సుత్తెల చప్పుడు. ఇక్కడ మా దిక్కు పద్ధతి ఒకటి చెప్పాలి. కల్లు సంగతి వేరు, పండక్కి ఇంటిల్లిపాదీ తాగేదే. సీసా మందు మాత్రం ఎంత తాగుబోతైనా వరసకు అత్తో, వదినో అయిన మనిషి ముందు కొనడు. ఆ వీధిలో ఎవరు ఎవరికి ఏమీ కారు? వచ్చిన ప్రతి మగవాణ్ణీ పెద్దమ్మ వరస పెట్టి పలకరించేది. "ఏం అల్లుడా, ఉప్పుకొచ్చినవా? పిల్లకు జరం తగ్గిందా?" అని. వచ్చినవాడు తల గోక్కుని ఉప్పు పొట్లం కొనుక్కుని పోయేవాడు. ఆ వేసవిలో ఆ వీధికి ఉప్పు కరువన్నది లేదు.

కొట్టు యజమానికి ఉప్పు మీద లాభం రుచించలేదు. ఠాణాకు పోయి ఫిర్యాదు చేశాడు. కానిస్టేబులు వచ్చి, సారు రమ్మంటున్నాడని పెద్దమ్మకు చెప్పాడు. ఆడది ఠాణా మెట్లెక్కిందంటే మా వైపు నెల రోజులు చెప్పుకుంటారు, భయపడి కుర్చీ ఎత్తేస్తుందని వాళ్ళు లెక్క వేసుకున్నట్టున్నారు. పెద్దమ్మ వీధినంతా వెంటబెట్టుకుని వెళ్ళింది. కుర్చీ నేను మోశాను. ఎస్సై ఎదురుగా దాన్ని వేయించుకుని, నిమ్మళంగా కూర్చుంది.

"అవ్వా, ఈయన యాపారానికి అడ్డం కూసుంటున్నవంట," అన్నాడు ఎస్సై.

"ఏం యాపారం సారూ?"

"కిరాణం."

"ఉప్పు, సబ్బులు మునుపటికంటె ఎక్కువనే పోతున్నయి. ఇంకేం పోతలేదో గీ అల్లున్నే జెప్పుమనుండ్రి. మీరు కాయితం మీద రాసుకోండ్రి."

ఎస్సై కలం పట్టుకుని కొట్టు యజమాని వైపు చూశాడు. యజమాని ఫ్యాను వైపు చూశాడు. లైసెన్సు లేని సరుకు పేరు కాగితం మీద ఎలా చెబుతాడు? మా వెనక ఎవరో ముసిముసిగా నవ్వారు. ఎస్సై ముఖం ఎర్రబడింది. గొంతు పెంచి, రోడ్డు మీద కూర్చోవడం నేరమని, కేసు పెట్టి లోపల వేయాల్సి వస్తుందని అన్నాడు. పెద్దమ్మ గొంతు పెంచలేదు.

"ఎయ్యుండ్రి సారూ. గని నేను మల్ల వచ్చేదాక నా కొడుకును తాగకుంట మీరు సూస్కుంటరని ఒక్క మాట రాసియ్యుండ్రి. గప్పుడు పోత."

ఎస్సై కలం మూత పెట్టి, ఇక ఇంటికి పొమ్మన్నాడు. "ఇంటికి గాదు, దుకాణం కాడికి పోతున్నం," అని చెప్పి మరీ లేచింది పెద్దమ్మ. నా జీవితంలో ఏ కుర్చీనీ నేను అంత గర్వంగా మోయలేదు.

ఆ సాయంత్రమే తమ్ముడు ఆటో తెచ్చి కొట్టు ముందు ఆపాడు. ఎందుకు వచ్చాడో అందరికీ తెలుసు. సుత్తెల చప్పుడు ఆగింది. వాడు సిగ్గుతో, కోపంతో తల్లి దగ్గరికి వచ్చాడు.

"ఇజ్జత్ తీస్తున్నవమ్మా. ఇంటికి నడువ్."

"మీ బాపు తాగినన్ని దినాలు ఇజ్జత్ అనుకుంట నేను ఇంట్లనే కూసున్న బిడ్డా. ఏం మిగిలింది? ఇగ ఇంట్ల కూసోను."

వాడు ఆటో తిప్పుకుని పక్క ఊరికి పోయి, అక్కడ తాగి వచ్చాడు. మరునాడూ అంతే. ఇంత చేసీ వాడు తాగనే తాగుతున్నాడని నాకు ఏడుపు వచ్చింది. పెద్దమ్మతో అదే అన్నాను. ఆమె చింతగింజలు ఏరుతూ, "పక్కూరికి పోవాల్నంటె జర పొద్దు వడ్తది గద. గంతసేపు తాగకుంట ఉన్నట్టే," అంది. ఈ మాట విన్నప్పుడు నాకు అర్థం కాలేదు.

వానలు పడేసరికి కొట్లోంచి సీసాలు వెళ్ళిపోయాయి. బస్టాండు వెనక ఇంకొకడు మొదలుపెట్టాడు, ఆడవాళ్ళు అక్కడికీ వెళ్ళి కూర్చున్నారు. తరువాత ఒక సభలో పోలీసులు పెద్దమ్మకు శాలువా కప్పబోతే, అది వద్దని, ముందు బస్టాండు దుకాణం మూయించమని మైకులోనే చెప్పింది. ఎస్సైలు మారారు. వచ్చిన ప్రతివాడూ ఆమెను లేవమన్నాడు, ఆమె లేవలేదు. పక్క ఊరి దారి తమ్ముడికి మెల్లమెల్లగా దూరమైంది. పూర్తిగా మానేశాడని నేను అబద్ధం చెప్పను, పండక్కి కల్లు ముంత ముందు కూర్చుంటాడు. కానీ వాడి కళ్ళు తెల్లగా ఉన్నాయి, పొద్దున్నే బిడ్డను ఆటోలో బడికి దింపి వస్తున్నాడు. పెద్దబాపుకు దక్కని ఏళ్ళు ఇక ఎవరూ తెచ్చివ్వలేరు. తమ్ముడు ఇప్పుడు బతుకుతున్న ఏళ్ళు మాత్రం కాలం దయతలచి ఇచ్చినవి కావు, మా పెద్దమ్మ ఒక్కొక్క సాయంత్రంగా దాని చేతిలోంచి గుంజుకున్నవి.