ముందు ఒక కాపీ

వసంత మీద నాకున్నది అసూయే. దానికి ఇంకో మంచి పేరు పెట్టి గౌరవించడం నాకిష్టం లేదు. ఐదేళ్ళుగా ఒకే హాల్లో, ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని ఆమెను చూసి ఏడుస్తున్నాను. కాబట్టి ఆమె గురించి నాకు తెలిసినంత ఈ మాదాపూర్‌లో ఇంకెవరికీ తెలియదు.

మా కంపెనీ వెబ్‌సైట్లకు చోటు కిరాయికిస్తుంది. బట్టల కొట్లు, కోచింగ్ సెంటర్లు, ఫంక్షన్ హాళ్ళు, ఇలా చిన్నా చితకా వాళ్ళే మా కస్టమర్లు. మేం చేసేదేమిటో వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు పావుగంట పడుతుంది. వసంత రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. “ఇల్లు మీది, జాగా మాది. లోపలి సామాను మీరు సూస్కోవాలె, గోడ కూలకుండ మేం సూస్కుంటం.” మొదటిసారి ఆ మాట విన్నప్పుడు, అది నాకెందుకు తట్టలేదని సాయంత్రం దాకా కుళ్ళుకున్నాను.

ఆమె ఇక్కడికి వచ్చింది హౌస్‌కీపింగ్ పనికి. ఇంటర్ పాసై, పెళ్ళయ్యాక నారాయణఖేడ్ నుంచి చందానగర్ వచ్చింది. భర్త స్వామి క్యాబ్ నడుపుతాడు. ఒక మధ్యాహ్నం మేమంతా భోజనానికి వెళ్తే ఫోన్ మోగిందట. ఎంతకీ ఆగకపోతే చేతిలో గుడ్డ పక్కన పెట్టి ఆమె ఎత్తింది. సైటు ఎప్పుడు ఆగింది, ఆగేముందు ఏం మార్చారు, తెర మీద ఏం రాసి ఉంది, అన్నీ అడిగి కాగితం మీద వరసగా రాసిపెట్టింది. మా మేనేజరు రామ్మోహనరావు గారు ఆ కాగితం చూసి, “మనవాళ్ళెవరూ ఇంత శుభ్రంగా రాయరండీ” అన్నారు. నెల తిరక్కుండా ఆమెను ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. ‘మనవాళ్ళెవరూ’ అన్నప్పుడు ఆయన చూసింది నా వైపే. నా పేరు యజ్ఞనారాయణ. బి.టెక్, ఫస్ట్ క్లాస్.

ఆ రోజు మొదలైన కడుపుమంట తగ్గలేదు. నేను ఫోన్ ఎత్తగానే “వసంతమ్మ ఉందా?” అంటారు. నేను చూస్తానండీ అంటే, “పర్వాలేదు, మళ్ల చేస్త” అని పెట్టేస్తారు. పది నిమిషాల్లో తేలే పనికి ఆమె టీ తాగి వచ్చేదాకా కాచుకుంటారు. హస్తవాసి అంటారే, అదేదో ఆమె చేతిలో ఉందని వాళ్ళ నమ్మకం.

హస్తవాసీ లేదు, ఏమీ లేదు. ఆమెకున్నది ఒక చాదస్తం. ఏ సైటు మీద చెయ్యి వేయాలన్నా ముందు ఉన్నది ఉన్నట్టుగా ఒక కాపీ తీసి పక్కన పెడుతుంది. అది మా రూలే. కానీ తొందరలో మేమెవరం పాటించం. ఆమె మాత్రం ఒక్క ఫోన్ నంబరు మార్చడానికి కూడా కాపీ తీస్తుంది. “వసంతా, గోడకు మేకు కొట్టడానికి ఇల్లంతా ఖాళీ చేయిస్తావా?” అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. “చేయిస్త సార్” అని తన పని తాను చేసుకునేది. కోపం కూడా తెచ్చుకోదు, అదింకా మంట.

మొన్న మే నెలలో మా టీమ్ లీడ్ మానేశాడు. ఆ కుర్చీకి ఇద్దరి పేర్లే వినిపించాయి, నాదీ ఆమెదీ. సోమవారం చెబుతామన్నారు. శనివారం మధ్యాహ్నం రాజమ్మ గారి ఫోన్ వచ్చింది. ఆవిడ ఆన్‌లైన్‌లో పచ్చళ్ళు అమ్ముతుంది. ఆవకాయ కాలం, ఊపిరి సలపనన్ని ఆర్డర్లు. సైటు తెరుచుకోవడం లేదట.

“వసంత లేదా బిడ్డా?”

లేదు, భోజనానికి వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేలోపు నేనే బాగుచేసి చూపించాలనుకున్నాను. కాపీ తీయలేదు. మా దగ్గర ప్రతి ఆదివారం దానంతటదే జమయ్యే పాత ప్రతిని తెచ్చి, ఉన్నదాని మీద ఎక్కించేశాను. సైటు నిగనిగలాడుతూ లేచింది. అయితే అది పోయిన ఆదివారం నాటి సైటు. ఆ తర్వాత ఆరు రోజుల్లో వచ్చిన ఆర్డర్లన్నీ నా చేతులారా తుడిచేశాను.

వసంత నోరు మెదపకుండా కూర్చుంటే చాలు, కుర్చీ ఆమెదే. అయినా వేరే దిక్కు లేక క్యాంటీన్‌కు పరుగెత్తాను.

“వసంత గారూ,” అన్నాను. ఐదేళ్ళలో మొదటిసారి ‘గారు’ అన్నాను.

ఆమె టిఫిన్ డబ్బా మూత పెట్టేసింది. “గారు అంటున్రేంది సార్? ఏం తీసేసిన్రు?”

చెప్పాను. భోజనానికి లేచే ముందే, సైటు నెమ్మదిగా ఉందని రాజమ్మ చెబితే ఆమె చూసిందట. చూసేముందు, అలవాటు ప్రకారం, కాపీ. అరగంటలో, తన పేరు ఎక్కడా పడకుండా నా లాగిన్‌లోంచే ఆర్డర్లన్నీ వెనక్కి తెచ్చింది. రాజమ్మకు ఫోన్ చేసి, “అన్నీ ఉన్నయమ్మా, ఫికర్ చెయ్యకు. సార్ సూసిండు” అంది.

నాకు కృతజ్ఞత కలగాలి. ఇంత మంచితనం కూడా ఈమెకేనా అని మళ్ళీ అసూయే కలిగింది. ఉండబట్టలేక అడిగాను. “మీకా కుర్చీ వద్దా?”

“ఎందుకొద్దు సార్? గా కుర్చీ మీదనే నా పాణమంత. గని మన లొల్లిల రాజమ్మ ఏం చేసింది, పాపం?” డబ్బా సంచిలో పెడుతూ అంది. “మిమ్మల్ని సూస్తె నాక్గూడ కుళ్ళే సార్.”

“నన్ను చూసా?”

“మీరు కాపీ తియ్యకుంటనే పని చేస్తరు. గంత ధైర్యం నాకేడికెళ్లి వస్తది? మీరు తప్పు చేస్తె పొరపాటంటరు. నేను చేస్తె, ఊడ్చేదానికి ఫోనిస్తె గిట్లనే అయితదంటరు. గందుకే తీస్త.”

మరీ ఎక్కువగా ఆలోచిస్తున్నారు, ఇక్కడ అలా ఎవరూ అనుకోరు అన్నాను. ఆమె వెళ్ళి మోగుతున్న ఫోన్ ఎత్తింది.

సోమవారం అందరి ముందూ రామ్మోహనరావు గారు కొత్త టీమ్ లీడ్‌గా నా పేరు చదివారు. లేచి నిలబడి, శనివారం జరిగింది ఉన్నదున్నట్టు చెప్పేశాను. తుడిచింది నేను, తెచ్చింది వసంత గారు అని.

ఆయన నవ్వి నా భుజం తట్టారు. “పొరపాటు ఎవరికైనా జరుగుతుందండీ! పదిమందిలో ఒప్పుకున్నారు చూడండి, లీడర్‌కుండాల్సింది అదే.”

వసంత నా వైపు చూసింది. ‘పొరపాటు’ దగ్గర ఆమె కనుబొమ లేచి దిగింది. ఆ కుర్చీ ఆమెకివ్వండి అని కూడా అందామనుకున్నాను. ఇంతలో చప్పట్లు మొదలయ్యాయి. అనలేదు.

చప్పట్లు ఆమె కూడా కొట్టింది. ఇన్నేళ్ళూ ఆమెను చూసి నేను ఏడ్చాను. ఎవరిని చూసి ఎవరు ఏడవాలో ఆమెకు మొదటి రోజు నుంచే తెలుసు.