బాపు పంపు, నా డాక్యుమెంటేషన్

నేను మాట్లాడకుండా ఉండలేని మనిషిని. కూరగాయల మార్కెట్ ధరలను రైతుల ఫోన్లకు పంపే సాఫ్ట్‌వేర్ మాది. ప్రాజెక్టులో కొత్తగా చేరినవాళ్లు దాన్ని తమ కంప్యూటర్లో ఎలా నడిపించుకోవాలో తెలియక నాకే ఫోన్ చేసేవారు. నేనూ హుషారుగా గంటసేపు చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ విసుగు పుట్టి, చివరికి ఇరవై స్టెప్పులతో డాక్యుమెంటేషన్ రాశాను. రెండు నెలలు పట్టింది. ఎంత మురిసిపోయానో! చదివినవాళ్లంతా బాగుందన్నారు. వాళ్లలో ఒక్కరూ దాన్ని ముందు పెట్టుకుని పని చేసి చూడలేదన్న సంగతి నాకు తట్టలేదు.

తట్టింది మా నాన్నకు, మేం పిలిచే పేరులో మా బాపుకు. చేవెళ్లలో మాది వ్యవసాయ సామాన్ల దుకాణం. పంటకు పురుగుమందు కొట్టే పంపు కొన్న రైతుకు బాపు బిగించి ఇవ్వడు. విడి భాగాలున్న డబ్బా అతని ముందు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. రైతులు తిట్టుకుంటూనే బిగించుకుంటారు. ఎక్కడ తడబడితే అక్కడి సంగతిని మిగిలిన డబ్బాలన్నిటి మీదా స్కెచ్ పెన్నుతో రాస్తాడు: ‘వాషర్ ముందు వెయ్యాలె’ అని. నా గొప్పలన్నీ విని ఒకటే అడిగాడు.

“గదంత మంచిగనే ఉన్నది బిడ్డా. నువ్వు పక్కన నోరు మూసుకొని కూసున్నప్పుడు ఎవలన్న చేసి చూసిండ్రా?”

ఈసారి ఎవరొచ్చినా అలాగే చేయించి చూడాలనుకున్నాను.

ఆ వారమే ఒక అక్క కొత్తగా మా ప్రాజెక్టులో చేరింది. కోస్తా నుంచి వచ్చి మొయినాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. పిల్లల కోసం ఎనిమిదేళ్ల కిందట ఉద్యోగం మానేసి మళ్లీ మొదలుపెడుతోంది. బస్సు దిగి మా దుకాణం పైగదికి వచ్చి, కూర్చోకముందే అంది: “ముందే చెబుతున్నానండీ. ఇవాళ నాకిది రాకపోతే రేపటి నుంచి రాను. ఇక నాకు చేతకాదని అర్థం.”

“ఫికర్ చెయ్యకక్కా, అన్నీ రాసిన. చూసుకుంట చేస్తే అయిపోతది. నేనైతే ఒక్క మాట గూడ చెప్ప,” అన్నాను.

అని, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు... గబగబా అయిపోతున్నాయి. నాకు లోపల ఒకటే సంబరం. పదకొండో స్టెప్పు దగ్గర ఏదో తప్పిందంటూ తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్లీ చేసింది. మళ్లీ ఎర్ర అక్షరాలే. మూడోసారీ అంతే.

“నేనే ఎక్కడో తప్పు చేశానండీ,” అంటూ లాప్‌టాప్ మూత సగం దించేసింది.

ఇక కూర్చోలేక లేచి, మూత పైకెత్తి ఆ అక్షరాలు చదివాను. ఒక్కసారిగా అర్థమైంది. సెట్టింగుల కోసం చిన్న ఫైలొకటి మనమే తయారు చేసుకోవాలి. ప్రాజెక్టు మొదలైన రోజున నా కంప్యూటర్లో పెట్టుకున్నాను, మళ్లీ దాని మొహం చూడలేదు. ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ మాటల్లో చెప్పేశాను. ఎవరూ అక్కడ ఆగలేదు కాబట్టి, దాన్ని రాయలేదన్న సంగతే నాకు తెలియలేదు.

ఎగిరి గంతేశాను! “అక్కా, తప్పు నీది కాదు, నాది! నేను రాయనే లేదు!”

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తప్పు చేసి ఇంత సంబరపడే మనిషిని ఎక్కడ చూసి ఉంటుంది! ఆ ఫైల్లో ఏముండాలో చెప్పి, “ఈ స్టెప్పు నువ్వే రాయి,” అన్నాను. రెండే వాక్యాలు రాసింది. నా ఇరవై స్టెప్పుల కన్నా తేటగా ఉన్నాయి, కొంచెం కుళ్లుకున్నాను కూడా. ఆ తర్వాత తన కంప్యూటర్లో చేసినదంతా తుడిచేసి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతానని తనే పట్టుబట్టింది.

పైన ఉంటే నోరు ఆగదని కిందికి దిగి బాపు పక్కన నిలబడ్డాను.

“ఏమాయె?” అన్నాడు.

“ఒక వాషర్ మర్చిపోయిన బాపూ.”

“మరి డబ్బా మీద రాసినవా?”

“ఆమెనే రాసింది.”

బాపు ఏదో అనబోతుండగానే పైనుంచి కేక వినిపించింది. రెండేసి మెట్లు ఎక్కుతూ పరుగెత్తాను. ఇరవై ఒక్క స్టెప్పులూ అయ్యాయి, తెర మీద మా సాఫ్ట్‌వేర్ చక్కగా నడుస్తోంది. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

లాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటూ అడిగింది: “రేపు ఎన్నింటికి రమ్మంటారు?”