రెండుంపావుకి వచ్చిన మెసేజ్

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయగా మోయగా అలవాటైపోతుందంటారు. నాకు కాలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

శ్రీధర్‌దీ నాదీ శాంటా క్లారాలో ఒకే ఆఫీసు, ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్సు. వాడికి కొండలెక్కే పిచ్చి. నాకు సోఫా దిగడమే తీర్థయాత్ర. ఫోన్ సిగ్నల్ అందని చోట్లకి వెళ్తున్నాడని వాడి భార్య మాధవి పోరు పెడితే, శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే చిన్న పరికరం కొన్నాడు. ఏడాదికి నాలుగుసార్లు వెళ్లేదానికి ఖరీదైనది ఎందుకని చౌకరకం ఎంచింది ఆవిడే. మెసేజ్‌లు నా నంబరుకి వచ్చేలా పెట్టాడు. మాధవికి వస్తే ఊరికే కంగారు పడుతుందని.

ఆ అక్టోబరు శనివారం ఒక స్నేహితుడి గృహప్రవేశం. భోజనాలయ్యాక పేకాటకి కూర్చున్నాం. శ్రీధర్ ఒంటరిగా కొండెక్కుతూ అరగంటకోసారి 'బాగున్నాను' అని పంపుతున్నాడు. వీడేదో ఎవరెస్టు ఎక్కుతున్నట్టు ఈ బిల్డప్ ఏమిటని నవ్వి, ఫోన్ మ్యూట్ చేశాను. రెండుంపావుకి స్క్రీన్ వెలిగింది. వాడి పేరు చూశాను. చేతిలో మంచి ముక్కలున్నాయి. ఫోన్ బోర్లా పెట్టాను.

తెరిచేసరికి ఏడు. 'కాలు విరిగినట్టుంది. కదలలేను. రేంజర్లకి చెప్పు.'

వెంటనే ఆ కొండల అటవీ రేంజర్లకి ఫోన్ చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. మెసేజ్ ఎప్పుడొచ్చిందని అవతలివాళ్లు అడిగారు. ఇప్పుడే, అన్నాను. ఎందుకన్నాను? ఆలోచించే అన్నానా, లేక తప్పు బయటపడుతుందనగానే నోరు తనంతట తానే అనేసిందా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అప్పటికే చీకటి, పైన మంచు. వాళ్లు చేరేసరికి తెల్లవారింది. వాడు చలికి పోయాడు. వెలుతురుండగా తెలిసుంటే హెలికాప్టర్ వెళ్లేదన్నారు.

ఆ పరికరం మీదే ఉన్న ఎమర్జెన్సీ బటన్ ఎందుకు నొక్కలేదని అందరూ అడిగారు. నాకు తెలుసు. నాకు చెప్పాడు కదా, నేను చూసుకుంటాననుకున్నాడు. స్పృహ తప్పేదాకా నా జవాబు కోసమే చూసి ఉంటాడు.

కార్యక్రమాలన్నీ అయ్యాక మాధవి నన్ను పక్కకి పిలిచింది.

"అన్నయ్యా, నిజంగా ఏడింటిదాకా రాలేదా?"

"రాలేదమ్మా. చెట్ల కింద ఉంటే అవి లేట్‌గా డెలివర్ అవుతాయట."

"ఆ చీప్‌ది చాలని చెప్పింది నేనే అన్నయ్యా. ఆయన్ని నేనే చంపుకున్నాను."

"అలా అనకమ్మా," అన్నాను. అంతే అన్నాను.

అప్పటినుంచి, ఎవరు హైకింగ్‌కి వెళ్తున్నామన్నా ఆవిడ ఆపి మరీ చెబుతుంది, 'నాలాగా పిసినారితనం చేయకండి' అని. నేను పక్కనే నిలబడి వింటాను. ఒక మనిషిని పోగొట్టుకున్నావిడ మీద ఆ చావు నింద కూడా పెట్టి, ఆరేళ్లుగా వాళ్లింట్లో పండగ భోజనాలు చేస్తున్న నన్ను ఏమనాలి?

కిందటి ఆదివారం వాళ్లమ్మాయి స్కూల్ క్యాంపింగ్‌కి వెళ్తోందని మాధవి కొత్త పరికరం తెచ్చింది. ఈసారి అన్నిటికన్నా ఖరీదైనది. అందులో నా నంబరు పెట్టమంది. నేనైతే వెంటనే చూస్తానట.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. నంబరు టైప్ చేసి ఇచ్చాను.

ఆవిడ ఇది చదవదు. ఎదురుగా చెప్పే ధైర్యం నాకు వస్తుందో రాదో తెలియదు. క్షమించమని మిమ్మల్నీ అడగను. కానీ ఎక్కడో ఒకచోట ఇది రాసి ఉండాలి. ఆ చౌక పరికరం ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు. మాధవి తప్పేమీ లేదు. రాశాక, ఆరేళ్లలో మొదటిసారి ఊపిరి లోపలిదాకా వెళ్లింది. దానికీ సిగ్గుగానే ఉంది.