పరుపుల దుకాణం పైన పాట

నిజామాబాద్‌లో నేను పాట నేర్పడం మొదలుపెట్టిన గది ఒక పరుపుల దుకాణం పైన ఉండేది. కింద దూది ఏకే మిషన్ తిరుగుతుంటే పైన నేల సన్నగా అదిరేది. అద్దె మాట్లాడుకునేటప్పుడు దుకాణం యజమాని, "ఏం పాటలు నేర్పిస్తరు మేడం?" అని అడిగాడు. జాజ్ అన్నాను. "అంటే జాజిపూల మీద పాటలా?" అన్నాడు, నిజంగానే తెలుసుకోవాలని. నాకు నవ్వొచ్చింది కానీ, డిగ్రీకి వచ్చేదాకా నాకూ ఆ మాట తెలియదు.

మాది ఇదే జిల్లాలో మోస్రా దగ్గర ఊరు. ఇంట్లో అందరూ వరి పండించేవాళ్ళే. హైదరాబాద్‌లో చదువుతుండగా స్నేహితురాలి అక్క పెళ్ళి విందుకు ఒక హోటల్‌కి వెళ్ళాను. అక్కడ పియానో పక్కన నిలబడి ఒక పెద్దావిడ పాడుతోంది. పాట మధ్యలో మాటలు వదిలేసి, అప్పటికప్పుడు పుట్టించుకున్న స్వరాలు పట్టుకుని ఎటో వెళ్ళిపోయి, మళ్ళీ పాటలోకి వచ్చింది. దాన్నే జాజ్ అంటారట. ముందున్న ప్లేటు సంగతి మరిచిపోయాను. ఆవిడే నాకు గురువైంది. ముంబయికి తీసుకెళ్ళి తన పక్కన నిలబెట్టుకుంది. చాలా ఏళ్ళు హోటళ్ళలో, చిన్న సభల్లో ఇద్దరం కలిసి పాడాం. నేను ఎత్తుకుంటే ఆవిడ ముగించేది. సొంతంగా పాటలు కట్టడం మొదలుపెట్టాక కూడా, కట్టినవన్నీ రెండు గొంతుల కోసమే కట్టాను. ఆవిడ పోయాక ముంబయిలో ఉండబుద్ధి కాలేదు. మా ఆయనకు నిజామాబాద్ బదిలీ అయిందనగానే సామాను సర్దేశాను.

కాలేజీ అమ్మాయిలు కొందరు, వేల్పూర్ నుంచి వచ్చే ఒక బడి పంతులమ్మ, వీళ్ళే నా మొదటి విద్యార్థులు. నేను ఒక వరుస పాడి ఆపాలి, వాళ్ళు అప్పటికప్పుడు తమకు తోచిన జవాబు పాడాలి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కింద మిషన్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నేను వరుస పాడి ఆపాను. అమ్మాయిలు ఇంకా నోరు తెరవలేదు. వెనక గోడలోంచి జవాబు వచ్చింది.

"ఎకో గావచ్చు మేడం," అంది పంతులమ్మ.

ఎకో అయితే పాడినదాన్నే తిరిగి ఇస్తుంది. ఇది నేను పాడనిది. ఇంకొంచెం కింది స్వరంలో మరో వరుస పాడాను. అదే స్వరంలోకి దిగి, గోడ మళ్ళీ జవాబిచ్చింది. ఒక అమ్మాయి చప్పుడు చేయకుండా బ్యాగు భుజాన వేసుకుంది.

ఆ గోడ అవతలి గదిలో ఎవరుంటారని యజమానిని అడిగాను. "ఎవ్వరుండరు మేడం. దూది బోరాలుంటయ్," అన్నాడు, నా మొహం చూడకుండా.

మిషన్ నడుస్తున్నంతసేపు ఏమీ వినబడేది కాదు. కరెంటు పోతే చాలు, గొంతు వచ్చేది. ఇద్దరు అమ్మాయిలు రావడం మానేశారు. నేను మాత్రం కరెంటు ఎప్పుడు పోతుందా అని చూసేదాన్ని.

కొన్నాళ్ళకు యజమాని భార్య మెట్లెక్కి వచ్చింది. "మేడం, జర గీ పాటలు బంద్ జేస్తరా?" అంది. ఏమైందంటే ఏడుపు మొహం పెట్టింది. "మా అత్తమ్మకు ఎండకాలంల పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. నీళ్ళు గావాల్నన్నా చెయ్యే సూపెడ్తది. మీరొచ్చినంక పాడుతున్నది. మాట రాని మనిషి పాటెట్ల పాడ్తది మేడం? లోపల ఇంకేదో సొచ్చిందంటున్నడు మా ఆయన. దర్గాకు తీస్కపోయి తావీజు గట్టిచ్చినం. బయట ఎవలన్న ఇంటరని వెనక అర్రల, దూది బోరాల నడుమ పండవెట్టినం."

ముంబయిలో మా బృందంలోని డ్రమ్ములాయనకు ఇలాగే అయింది. భార్య పేరు పలకలేనివాడు పాట మొత్తం పాడేవాడు. ఆ సంగతి చెప్పి, "ఏదీ సొచ్చలేదమ్మా. నన్నొకసారి ఆమె దగ్గరికి తీసుకెళ్ళు," అన్నాను.

దూది కుక్కిన గోనె బోరాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య మంచం మీద చిన్న మనిషి, కుడిచెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంది. పిన్ని వరస కలిపి, "ఖాలా, బాగున్నారా?" అన్నాను. ఆ దూది నా మాటను నోటి దగ్గరే మింగేసింది. ఎవరో దూరం నుంచి మాట్లాడినట్టు నాకే వినిపించింది.

ఆ రోజు నుంచి ఆమె ఎడమచేతి మీద తాళం తడుతూ ఒక్కో మాటనే పాడించేదాన్ని. ఒకరోజు "పానీ" అని పాడింది. కోడలు పరుగెత్తి నీళ్ళు తెచ్చింది. తాగిస్తూ ఏడ్చింది. తర్వాత మాటలు రెండు, మూడు కలిశాయి. అప్పుడు ఒక మధ్యాహ్నం, నేను కట్టిన వరుసలోనే ఆమె నన్ను అడిగింది.

"గా... రెండో ఆమె... ఏది?"

"ఎవరు ఖాలా?"

"నీతోని పాడే ఆమె. నువ్వు షురూ జేస్తవు. ఆమె ఖతం జేస్తది."

"మా పిల్లలా?"

తల అడ్డంగా ఊపింది. "పెద్దామె. గొంతు లావు."

ఈ ఊళ్ళో నా గురువు గురించి నేను ఎవరికీ చెప్పలేదు. "ఆమె ఎట్లా పాడుతుంది?" అన్నాను.

కళ్ళు మూసుకుని పాడి చూపించింది. స్వరం మెల్లగా కిందికి జారి, అక్కడ కాస్త ఆగి, ఊపిరి తీసుకుని, ఏదో అడగబోతున్నట్టు పైకి లేచింది. అది మా గురువు ముగింపు. ఎన్నేళ్ళు ప్రయత్నించినా నా గొంతులో పలకనిది. పక్కనున్న బోరా మీద కూర్చుండిపోయాను.

ఇంటికి వెళ్ళి, క్లాసులో ఫోన్లో రికార్డు చేసుకున్నవన్నీ విన్నాను. నా గొంతు, పిల్లల గొంతులు, మిషన్ మోత. అంతే. "నీకు తెలియకుండా నువ్వే పాడి ఉంటావు," అన్నాడు మా ఆయన. అయ్యుండొచ్చు. పగలు ఆ మాట నమ్మేదాన్ని.

అయినా వెళ్ళడం మానలేదు. ఆమెకు మాటలు నేర్పడానికి వెళ్ళేదాన్నో, ఆ ముగింపు వినడానికి వెళ్ళేదాన్నో చెప్పలేను. నేను ఎత్తుకునేదాన్ని, ఆమె ముగించేది. దూది మధ్య కళ్ళు మూసుకుంటే ముంబయిలో ఉన్నట్టే ఉండేది. కళ్ళు తెరవడానికి భయమేసేది.

తర్వాత ఖాలాను బోధన్‌లో ఉన్న కూతురు తనతో తీసుకెళ్ళింది. చెరుకు కొట్టే కాలంలో చూసి రావడానికి వెళ్ళాను. దారంతా చెరుకు ట్రాక్టర్లు. ఆమె వాకిట్లో ఎండకు కూర్చుని ఉంది.

"రా బేటీ, కూసో. చాయ్ తాగుతవా?" అంది. వరుస లేదు, తాళం లేదు, ఉత్త మాటలు. సంతోషంతో ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాసేపయ్యాక పాత వరుస ఎత్తుకుని ఆపాను. ఆమె నవ్వుతూ చూసింది.

"మంచిగ పాడ్తవ్."

"మీరు ముగించండి ఖాలా."

"నాకు పాటలేడొస్తయ్? జిందగీల పాడలే."

"రెండో ఆమె ముగించేది కదా..."

"ఎవలామె?" అంది, కూతురి వైపు తిరిగి.

"గీడికొచ్చినంక ఎన్నడు పాడలే మేడం," అంది కూతురు. "మాట మొత్తం వచ్చేసింది. మంచిగైంది గద?"

మంచిగైందన్నాను. చాయ్ తాగి లేచాను. ఖాలా కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చింది. "మళ్ళ రా బేటీ," అంది, ఒక్క అక్షరం తడబడకుండా.