దుంపల సంచి మామయ్య

మామయ్యకు ఒకటే పిచ్చి. ఏ యాప్‌ని పరీక్షించాలన్నా కుడిచేత్తో బంగాళాదుంపల సంచి ఎత్తుకుని, ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, ఆ చేతి బొటనవేలితోనే నడపాలి. తనొక్కడూ నడుపుకుంటే పోనీలే అనుకోవచ్చు. ఆఫీసులో ఎవరు ఏ స్క్రీన్ చూపించడానికొచ్చినా వాళ్ళ చేతికీ ఆ సంచి అంటగట్టేవాడు. వేలాడేసుకుంటే ఒప్పుకునేవాడు కాదు. “అలా కాదు బాబూ, గుండెకి ఆనించి ఎత్తుకో!” అనేవాడు.

నిజానికి ఆయన మామయ్య ఒక్కరికే, అదే ఆఫీసులో పనిచేసే మేనకోడలికి. ఆమె పిలవగా పిలవగా అందరికీ మామయ్య అయిపోయాడు. వెనకాల మాత్రం దుంపల మామయ్య. యాప్‌లు జనం చేతికి వెళ్ళేముందు పరీక్షించి ‘సరే’ అనడం ఆయన ఉద్యోగం. ఆ ఒక్క ‘సరే’ అనిపించుకునేసరికి అవతలివాళ్ళకు తల ప్రాణం తోకకొచ్చేది.

“ఎందుకండీ మాకీ మోత?” అని ఒకసారి మేనేజరు భుజం రుద్దుకుంటూ అడిగాడు.

“రెండు చేతులూ ఖాళీగా ఉన్నవాడికి యాప్ దేనికండీ? హాయిగా కాళ్ళు చాపుకుని పేపరు చదువుకుంటాడు.”

ఆ సంచి మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. ఎవరో ఆకలేసి రెండు దుంపలు ఉడకేసుకు తింటే, సంచి ఎత్తగానే పట్టేశాడు. “ఎవడురా తగ్గించింది? నీ దుంప తెగ!” అని కేకలేసి, మధ్యాహ్నానికల్లా మళ్ళీ నింపాడు. పైగా సోమవారం వచ్చిందంటే అందులో కొత్తగా ఓ దుంప చేరేది. “ముసలాయనకి చాదస్తం ముదురుతోంది,” అని అందరూ నవ్వుకునేవాళ్ళు.

ఆ నవ్వులు వింటే మేనకోడలికి తల కొట్టేసినట్టుండేది. పురుడయ్యాక పిల్లాణ్ణి అమ్మ దగ్గర వదిలి, ఈమధ్యే మళ్ళీ పనిలో చేరింది. పిల్లల ఆసుపత్రి కోసం కడుతున్న యాప్‌లో, పక్కనుంచి జరిగి వచ్చే మెనూ ఆమె వంతు. ఆసుపత్రి డాక్టరమ్మకు అది నచ్చితే యాప్ మొత్తం ఆమె చేతికొస్తుంది. “చంటిబిడ్డ తల్లి, ఆవిడకెందుకీ బరువు?” అంటూ మేనేజరు అప్పుడే ఇంకొకరిని చూస్తున్నాడు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ఆమెకు పంతం పట్టుకుంది.

మొదట అందరూ పెట్టినట్టే పైన మూలకు, మెనూ తెరిచే మూడు గీతల బటన్ పెట్టింది. మామయ్య సంచి ఎత్తుకున్నాడు. బొటనవేలు సాగదీశాడు, నాలుక బయటపెట్టాడు, చివరికి ఫోన్ జారి కిందపడింది.

“అందలేదమ్మడూ. మళ్ళీ కట్టు.”

సరే, అంచు నుంచి వేలితో లాగితే మెనూ వచ్చేలా కట్టింది. మామయ్య లాగాడు. ఫోన్ దాన్ని ‘వెనక్కి వెళ్ళు’ అనుకుని యాప్‌నే మూసేసింది.

“మెనూని రమ్మంటే యాపే వెళ్ళిపోయిందేమిటమ్మడూ!”

పళ్ళు నూరుకుంటూ బటన్‌ని కిందికి, బొటనవేలి దగ్గరికి దింపింది. ఈసారి మెనూ బుద్ధిగా వచ్చింది. కానీ ‘డాక్టర్ని పిలవండి’ అన్నది అన్నిటికన్నా పైన ఉంది.

“ముఖ్యమైనదాన్ని అటకెక్కించావు. తలకిందులు చెయ్యి.”

“లోకంలో ఏ మెనూ అలా ఉండదు మామయ్యా!”

“లోకం సంచి ఎత్తుకోలేదుగా!”

మేనేజరు అడ్డొచ్చాడు. “డాక్టరమ్మే అడగలేదు కదండీ. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” మామయ్య సంచి ఆయన వైపు చాపాడు. మేనేజరుకి ఎక్కడలేని పనీ గుర్తొచ్చింది.

ఆమె తిట్టుకుంటూనే మెనూని తలకిందులు చేసింది. వాళ్ళింటికొచ్చినా మామయ్య తీరు అంతే. ఆదివారం రాగానే పిల్లాణ్ణి గుండెకి ఎత్తుకుని, కళ్ళు మూసుకుని, కాస్త ఎగరేసి, “ఊఁ” అని తిరిగిచ్చేసేవాడు. “ముద్దయినా పెట్టుకోడు, ఏం మనిషో!” అని ఆమె తల్లి సణిగేది.

డాక్టరమ్మ వచ్చే రోజు పొద్దున్నే తల్లికి జ్వరం తగిలింది. చేసేదిలేక మేనకోడలు పిల్లాణ్ణి చంకనేసుకుని ఆఫీసుకొచ్చింది. కింద దించితే చాలు, వాడు పైకప్పెగిరిపోయేలా ఏడుస్తున్నాడు.

“మీరు కూర్చోండమ్మా, ఇంకొకరు చూపిస్తారు,” అని మేనేజరు ఫోన్ కోసం చెయ్యి చాపాడు.

“నేను కట్టాను. నేనే చూపిస్తాను.”

కుడిచేతిలో పిల్లాడు జుట్టు పీకుతుండగా, ఎడమచేతి బొటనవేలు కదిలించింది. మెనూ పక్కనుంచి జారుకుంటూ వచ్చింది. వేలి కిందే ‘డాక్టర్ని పిలవండి’. నొక్కిందో లేదో, డాక్టరమ్మ చేతిసంచిలో ఫోన్ మోగింది.

డాక్టరమ్మ పిల్లాణ్ణి తన చేతికి తీసుకుని, తనూ ఒంటిచేత్తో తెరిచి చూసింది. “మా వరండాలో తల్లులందరూ ఇలాగే నిలబడతారమ్మా. ఇన్నాళ్ళకి వాళ్ళని చూసి చేసినవాళ్ళు కనబడ్డారు. యాప్ అంతా ఈ అమ్మాయే చూసుకోవాలి.”

“మేమూ మొదట్నుంచీ అదే అనుకుంటున్నామండీ!” అన్నాడు మేనేజరు.

ఆమె పిల్లాణ్ణి తీసుకుని తన చోటికొచ్చింది. కుర్చీలో దుంపల సంచి కూర్చుని ఉంది. పక్కన పెడదామని రెండో చేత్తో ఎత్తి, అలాగే ఆగిపోయింది. ఒక చేతిలో పిల్లాడు, ఒక చేతిలో సంచి. తను ఎటు పక్కకీ ఒరగలేదు.

“మామయ్యా! ఇది...”

“వాడు మొన్న ఆదివారానికి కాస్త ఒళ్ళు చేశాడమ్మడూ. అందుకే ఈసారి పెద్దదుంప వేశాను.”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!”

“చెప్తే జాలిపడ్డానని అలిగేదానివి. ఇప్పుడు చూడు, నువ్వే కట్టావు, నువ్వే నెగ్గావు.”

ఆమెకు గుండె నిండిపోయింది. ఈయన మా అమ్మ తమ్ముడు అని ఆఫీసంతా వినబడేలా చెప్పుకోవాలనిపించింది. నవ్వుతూ అడిగింది: “మరి వీడికి నడకొచ్చాక?”

“అప్పుడు సంచితో పనిలేదు. పిల్లాడి వెనక పరిగెడుతూ మెనూ తెరవాలి. మేనేజరుగారూ, మీరు కాస్త మెత్తటి బూట్లు కొనుక్కోండి!”